మిల్డ్రెడ్ వండిన కూర

ఆంగ్ల నవలలలో విందు ఘట్టములకు కొదువ లేదు. డికెన్సు పాత్రలు తినుచు త్రాగుచునే కథలో సగము దూరము నడచును. అయినను ఒక కూర నవలకు నడిబొడ్డున కూర్చుండి, అందలి మనుష్యుల నందఱిని తన చుట్టును చేర్చుకొని, ఒకరిపై నొకరికి విసుగు పుట్టియున్న వారిని కొంతసేపు ఒక కుటుంబముగా చేసిన సందర్భము నేను చదివినంతలో ఒక్కటే కలదు. అది వర్జీనియా వుల్ఫ్ 1927వ సంవత్సరము మే నెలలో ప్రకటించిన 'టు ది లైట్‌హౌస్' నవలలోని రాత్రి భోజనము. ఆ కూర పేరు 'బఫ్ ఆన్ దోబ్'. గొడ్డుమాంసమును పెద్ద ముక్కలుగా కోసి, ద్రాక్షసారాయిలో నానవైచి, ఆలివు నూనె, ఆలివు కాయలు, బే ఆకులు (మన బిర్యానీ ఆకునకు ఇవి దూరపు చుట్టములు) చేర్చి, మూత బిగించిన మట్టిపాత్రలో సన్నని సెగపై గంటల తరబడి మగ్గించిన వంటకమది. ఫ్రాన్సు దేశపు దక్షిణ ప్రాంతమైన ప్రొవాన్సులో అది ఇంటింటి కూర. రాజభవనముల వంట కాదు.

ఈ నవలను నేను మొదట చదివినది చెన్నపట్టణమున, కళాశాల తరగతిలో. బోధించిన ఆచార్యులు గొప్ప పండితులు. చైతన్యస్రవంతి శిల్పమును గూర్చి వారు చెప్పిన మాటలు నేటికిని నాకు జ్ఞాపకమున్నవి. కాని ఈ ఘట్టమునకు వచ్చునప్పటికి వారు కొంచెము తడబడి, ఇదియొక మాంసపు వంటకమని చెప్పి పుట త్రిప్పిరి. మేమును అది వేటమాంసమే కాబోలు ననుకొంటిమి. వెనుక బల్లపై కూర్చుండిన మిత్రు డొకడు మాత్రము పుస్తకము నుండి తల యెత్తి ఏదో చెప్పబోయి మానెను. అతడు తెలుగువాడే. అతని తాతలు తోళ్ల కర్మాగారములలో పనికై నెల్లూరు సీమనుండి పల్లావరమునకు వచ్చి స్థిరపడినవారు. ఆనాడు తరగతి ముగిసిన పిదప మెట్లపై నడచుచు అతడు నాతో ననిన మాటలివి: "అది పెద్దకూరరా. ఆగితే చెడిపోతుందని రాసిందేమిటి ఆవిడ? మా అవ్వ రాత్రి వండి, పొద్దున సద్దన్నంలోకి దాచిపెట్టేది. రాత్రి కన్నా అప్పుడే బాగుండేది." ఈ మాట తరగతిలో నెందుకు చెప్పలేదని నేనడుగగా అతడు నవ్వి ఊరకుండెను. ఆ నవ్వునకు అర్థము నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

ఇప్పుడు ఘట్టమును చూతము. స్కాట్లండు పడమటి దీవులలో ఒక వేసవి విడిది. తత్త్వవేత్తయైన రామ్సే, అతని భార్య, ఎనమండుగురు బిడ్డలు, అతిథులు. రాత్రి భోజనమునకు పదునైదుగురు కూర్చుండవలెను. పాల్, మింటా అను యువజంట సముద్రతీరమునుండి ఇంకను తిరిగి రాలేదు. కూర ఆగదను ఆందోళన శ్రీమతి రామ్సేను పట్టుకొన్నది. మాంసము, ఆకు, సారాయి అన్నియు సరియైన క్షణమున పాకమునకు వచ్చును. ఆ క్షణము దాటినచో అంతయు పాడగును. వడ్డన ఆపుట యనునది తలపెట్టరాని పని. ఇది ఆమె మనసులోని మాట. భోజనము మొదలైనను మనసులు కలియవు. విద్యార్థి టాన్స్లీకి తన పేదరికము గుచ్చుకొనుచున్నది. శాస్త్రజ్ఞుడగు బ్యాంక్సు తన గదిలో ఒంటరిగా తిని పని చూచుకొనినచో బాగుండునని లోలోపల అనుకొనుచున్నాడు. వృద్ధకవి కార్మైకేల్ మరియొక పళ్లెము సూపు కోరినందుకు గృహయజమాని ముఖము చిట్లించుచున్నాడు. అప్పుడు కొవ్వొత్తులు వెలిగించిరి. ఆలస్యముగా వచ్చిన జంట, పెద్ద గోధుమవర్ణపు పాత్ర నెత్తుకొనిన పనికత్తె, ఒక్కసారిగా లోనికి వచ్చిరి. మూత తీయగానే ఆలివుల పరిమళము, మాంసరసపు వాసన గదిని నింపెను. అక్కడినుండి ఆ బల్ల వేరొక బల్ల యైనది.

బ్యాంక్సు ఒక ముద్ద నోటబెట్టి, ఆలోచించి, ఇది ఘనవిజయమని ప్రకటించెను. ఇంత మారుమూల పల్లెలో ఇట్టి వంట యెట్లు సాధ్యమయ్యెనని శ్రీమతి రామ్సేనే అడిగెను. ఆమె అద్భుతమైన స్త్రీ యని అతనికి మరల తోచెను. ఆమె సంతోషముతో ఇది మా మాతామహి నాటి ఫ్రెంచి పాకమని బదులు చెప్పెను. పిదప ఇంగ్లీషు వంట యెంత అధమమో, కూరగాయలను నీటిలో నుడికించి ఎట్లు చంపుదురో, మాంసమును ఎట్లు తోలువలె కాల్తురో అందరును మాట్లాడుకొనిరి. వండినది మాత్రము వంటగదిలో నున్న మిల్డ్రెడ్. ఆ కూరపై ఆమె మూడు దినములు శ్రమించినదని నవలయే చెప్పుచున్నది. అది మిల్డ్రెడ్ కళాఖండమని శ్రీమతి రామ్సే మనసునకు తెలియకపోలేదు. తెలిసినదానిని ఆమె బల్లవద్ద చెప్పలేదు, అంతే. పొగడ్త వంటగది దాటిన చోటనే ఆగిపోయినది. ఈ ఘట్టమును వ్యాఖ్యానించిన వారిలో పెక్కుమంది దోబ్‌ను శ్రీమతి రామ్సే కళకు ప్రతీకగా గ్రహించిరి. లిలీ బ్రిస్కో చిత్రము గీసినట్లు, ఈమె మనుష్యులను కూర్చి విందు గీసినదట! వ్యాఖ్య చమత్కారముగనే యున్నది. అయినను ఇది బ్యాంక్సు చేసిన పొరపాటునే పాండిత్యముతో మరల చేయుట కాదా?

పల్లావరపు మిత్రుని ఆక్షేపణ నిక్కమైనదా యని నేను పిదప విచారించితిని. వంట నెఱిగిన వారందరు అతని పక్షముననే యున్నారు. ఇట్టి కూరకు ఎన్నుకొను మాంసము మెత్తనిది కాదు. పిక్క, దవడ, మెడ వంటి కష్టించిన అంగముల మాంసమిది. వానిలో కండపోగులను బంధించు కొలాజెన్ అను పదార్థము మెండు. పెద్దమంటపై తొందరపడి ఉడికించినచో కండ బిగిసికొని నీరు విడిచి త్రాడువలె నగును. సెగ తగ్గించి, కుతకుత యని ఉడుకనీయక, పైన బుడగ యొకటి అప్పుడప్పుడు పగులునట్లుగా మూడు నాలుగు గంటలు ఉంచినప్పుడు, సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటిన పిదప, ఆ బంధకము మెల్లమెల్లగా కరగి జెలటిన్ అగును. పులుసునకు పెదవుల నంటు చిక్కదన మబ్బునది దానివలననే. పొయ్యి దించి చల్లార్చినచో పులుసు గడ్డకట్టును, క్రొవ్వు పైకి తేలి తీసివేయుటకు వీలగును, ఉప్పు, పులుపు, సుగంధములు ముక్క లోపలికి దిగును. మరునాడు నిదానముగ వెచ్చజేసినప్పుడు కూర తొలినాటికంటె మిన్నగ నుండును. ఒకనాడు నానబెట్టుట, ఒకనాడు మగ్గించుట, ఒకనాడు వెచ్చజేసి వడ్డించుట: మిల్డ్రెడ్ మూడు దినముల లెక్క ఇదియే యని నా అభిప్రాయము. ఇట్టి కూర అరగంట ఆగినచో చెడునా? ఒక దినము ఆగినను చెడదు. వేపుడు ఆగదు, గుడ్డు నురుగుతో పొంగించిన సూఫ్లే ఆగదు. ఆగుటకే పుట్టిన కూర దోబ్.

మా ఆచార్యులు పుట త్రిప్పుటవలన కలిగిన నష్టము ఇక్కడ బయటపడును. అది లేతమేక మాంసమని భావించినవానికి గంటలో ఉడుకు కూరకు మూడు దినము లెందుకో బోధపడదు; మిల్డ్రెడ్ శ్రమ అతిశయోక్తిగ తోచును; కూర ఆగదను మాటలో దోషమును కనబడదు. ఒక్క మాటను మర్యాద కొఱకు దాచుటచే నవలలోని కీలకమంతయు దాగినది. ఈ నవలను తెలుగుచేయు వారెవరైనను నన్నడిగినచో, 'ఫ్రెంచి మాంసపు వంటకము' అని వ్రాయవలదని చెప్పుదును. గొడ్డుమాంసపు కూర యని వ్రాయుడు. పెద్దకూర యను చక్కని మాట మన భాషలోనే కలదు, దానిని నిత్యము పలుకు ఇండ్లును కలవు. తినని వారు తినవలదు. నేనును తినినవాడను కాను. తినని వాని నాలుకకు రుచి తెలియకపోవచ్చును గాని, చదువువాని కంటికి మాట కనబడవలెను.

మరి, కూర ఆగదను తప్పు ఎవరిది? పాత్రదా, రచయిత్రిదా? వుల్ఫ్ శిల్పమున ఇది తేలికగా తేలు ప్రశ్న కాదు. కథకురాలి మాట ఎక్కడ ముగిసినదో, పాత్ర తలపు ఎక్కడ మొదలైనదో తెలియకుండ వ్రాయుటయే ఆమె విద్య. కొందరు ఇది రచయిత్రి అజ్ఞానమని చిఱునవ్వు నవ్వి వదలిరి. ఆమెకు వంటతో గల సంబంధము నవ్వు పుట్టించునదే. 1914లో లండనున ఒక వంటపాఠశాలకు పోయి, తన పెండ్లి ఉంగరమును పుడ్డింగు పిండిలో కలిపి ఉడికించినట్లు ఆమెయే చెప్పుకొన్నది. 1916 నుండి 1934 వరకు ఆమె యింట వంట చేసినది నెల్లీ బాక్సల్. ఆ యిరువురి నడుమ తగవులు, అలుకలు, రాజీలు వుల్ఫ్ దినచర్యలో పుటలు పుటలుగా నున్నవి. ఇంటి పనివారితో ఈ రచయిత్రికి గల సంబంధము పైననే అలిసన్ లైట్ అను విదుషి 2007లో ఒక గ్రంథమును ప్రకటించినది. నవలలోని విందు వ్రాయబడిన కాలమున కూర దించినది నెల్లీ చేతులే యని మరువరాదు.

అయినను నేను దీనిని కేవలము అజ్ఞానమని త్రోసివేయజాలను. ఏలయన నవలలోనే దానికి విరుద్ధమైన సాక్ష్యమొకటి కలదు. భోజనమునకు ముందు శ్రీమతి రామ్సే అలంకరించుకొనుచుండగా పిల్లలు వచ్చి, వడ్డన కొంచెము ఆపవలెనా యని మిల్డ్రెడ్ అడిగి రమ్మన్నదని చెప్పుదురు. ఇంగ్లండు రాణి కొఱకైనను, మెక్సికో మహారాణి కొఱకైనను ఆపరాదని తల్లి నవ్వుచు ఆజ్ఞాపించును. ఈ చిన్న సంభాషణను తొందరలో చదివినచో సరసముగ మాత్రమే తోచును. నిలిచి చూడుడు. ఆపవచ్చునా యని అడిగినది ఎవరు? మూడు దినములు ఆ కుండ ప్రక్కన నిలిచినది. ఆపరాదని శాసించినది ఎవరు? కుండను మూత తీసినప్పుడు మాత్రమే చూచునది. వండు మనిషి ఎన్నడును చెడిపోవు కూరను ఆపుదునాయని అడుగదు. రచయిత్రి ఇది తెలిసి వ్రాసినదో తెలియక వ్రాసినదో నేను నిర్ణయింపలేను. పుటపై మాత్రము వంటగది తెలివి ఒకటి, భోజనశాల తెలివి ఒకటి, రెండును ప్రక్కప్రక్కన నిలిచియున్నవి.

ఈ భేదము వంటకు సంబంధించిన చిన్న సంగతి యని కొందరనవచ్చును. కాదని నేను మనవి చేయుచున్నాను. ఈ నవలకు వస్తువు కాలము. గడచిపోవు దానిలో నిలుచునది ఏది యనునదే అందలి ప్రశ్న. బ్యాంక్సు పళ్లెమున మెత్తని ముక్క నొకదానిని ఏరి వేయుచున్నప్పుడే శ్రీమతి రామ్సేకు ఈ క్షణమున శాశ్వతత్వపు అంశ మేదో కలదని తోచును. ఆ అనుభవము మాంసపు ముక్కతో కూడి వచ్చుట యాదృచ్ఛికము కాదు. వుల్ఫ్ వంటి శిల్పి యాదృచ్ఛికముగ వ్రాయదు. కాని ఆ ముక్క మెత్తబడినది ఎట్లు? క్షణమున కాదు. కాలమే దానిని మెత్తబఱచినది. భోజనశాల దృష్టిలో పరిపూర్ణత యనునది ఒక మెఱుపు. పట్టుకొనకున్నచో పోవును, గడప దాటుచు వెనుదిరిగి చూచునప్పటికే అది గతమైనదని ఆమెయే తలపోయును. కుండ వద్ద నిలిచిన వారి దృష్టిలో పరిపూర్ణత యనునది కాలమునకు ఓర్చి, కాలము చేతనే పక్వమై, వచ్చువారి కొఱకు వేచియుండునది. ఈ రెండవ తత్త్వము నవల చేతిలోనే యున్నది, ఆ గోధుమవర్ణపు పాత్రలోనే యున్నది. వుల్ఫ్ దానిని వడ్డించి, రుచి చూపి, పేరు పెట్టక వదలివేసినది. నవల పట్ల నాకు గల ఫిర్యాదు ఇది యొక్కటే.

ఫిర్యాదు అన్యాయమైనది కాదని చెప్పుటకు సాటిగా మరియొక కూరను చూపగలను. అదే 1927లో పారిస్‌లో, రచయిత కన్నుమూసిన అయిదేండ్లకు, మార్సెల్ ప్రూస్టు మహానవల చివరి సంపుటము వెలువడినది. ప్రూస్టు నవలలో వంటకత్తె ఫ్రాన్స్వాజ్. రాయబారి నోర్ప్వా భోజనమునకు వచ్చునాడు ఆమె జెల్లీ కట్టిన గొడ్డుమాంసపు వంటకమును వండును. మాంసము ఎన్నుకొనుటకు స్వయముగ పారిస్ బజారునకు పోయిన ఆమెను, సమాధి శిల్పమునకు చలువరాళ్ల నేరుటకు కరారా కొండలలో నెలల తరబడి తిరిగిన మైకెలాంజిలోతో ప్రూస్టు పోల్చినాడు. పరిహాసముతోనే పోల్చినాడు, కాని పరిహాసము మాత్రమే కాదు. రాయబారి మెచ్చుకోలును ఇంటి యజమానురాలు తన దగ్గఱ ఉంచుకొనక వంటగదికి చేరవేయును. ఫ్రాన్స్వాజ్ దానిని శిల్పివలె స్వీకరించి, పేరుగాంచిన భోజనశాలలలో ఈ కూర ఏల కుదరదో తన సిద్ధాంతమును చెప్పును: వారు తొందరపడుదురు, మాంసము స్పంజివలె నగువఱకు ఉంచి, రసమునంతయు అడుగుదాక త్రాగనీయవలెను. ఇక చివరి సంపుటమున కథకుడు తాను వ్రాయబోవు గ్రంథమును ఫ్రాన్స్వాజ్ ఆ కూర వండినట్లు కూర్తునని చెప్పును. ఏరి తెచ్చిన అనేక ముక్కలు ఆమె జెల్లీని చిక్కబఱచినట్లే, అనేక మనుష్యులు, అనేక ముఖములు కలిసి తన పుస్తకమున ఒక్క పాకమగునట. వంటకత్తెయే ఇక్కడ కవికి గురువు. ప్రూస్టు ఆమెను దేవతను చేయలేదు. తన క్రింద పనిచేయు పేదపిల్లను ఆమె ఎంత క్రూరముగ హింసించెనో వ్రాసినాడు. ఆమె మంచిది కాబట్టి గాక, పని యెఱిగినది కాబట్టి ఆమెకు మాట నిచ్చినాడు. మిల్డ్రెడ్‌నకు దక్కనిది ఆ మాటయే.

మన భాషలలో ఇట్టి మాట పుస్తకమునకు ఎక్కుట ఇటీవలి సంగతి. మహారాష్ట్రమందలి మన సోదరులు షాహూ పాటోళే 2015లో మరాఠీలో ప్రకటించిన 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అను గ్రంథమును చూచియుందురు. మరాఠ్వాడాలో మహార్, మాంగ్ కులముల ఇండ్లలో వండుకొనిన కూరలు, మాంసమును ఎండబెట్టి దాచుకొనిన విధములు, ఆ వంటలను బయట చెప్పుకొనుటకు పడిన సిగ్గు, ఆ సిగ్గును గెలిచిన తీరు అందులో కలవు. అన్నము పూర్ణబ్రహ్మ మను లోకోక్తిని ఒక్క అక్షరము చేర్చి తలక్రిందులు చేసిన ఆ పేరే సగము విమర్శ. 2024లో ఆంగ్లమునకును వచ్చినది. దానిని చదువునప్పుడు నాకు కళాశాల మెట్లపై నవ్వి ఊరకుండిన మిత్రుడు మాటిమాటికి జ్ఞాపకము వచ్చెను. ఆనాటి తరగతిలో వుల్ఫ్ నవలను సరిగా చదువగల సామగ్రి యున్నవాడు అతడొక్కడే. పరీక్షలో మాత్రము అతడును మావలెనే దోబ్‌ను ప్రతీక యని వ్రాసి ఉత్తీర్ణుడయ్యెను.

వుల్ఫ్‌కు న్యాయము చేయవలసియున్నది. నవలాకారులు విందులలో పలికిన చమత్కారములను వ్రాయుదురే గాని తినినదానిని గూర్చి ఒక్క మాటయు వ్రాయరని 1929లో 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' గ్రంథమున ఆక్షేపించినది ఆమెయే. పురుషుల కళాశాలలో కౌజుపిట్టల విందును, స్త్రీల కళాశాలలో నీళ్లవంటి సూపును, ఉడికించిన ఆకుకూరలతో వడ్డించిన సాదా గొడ్డుమాంసమును ప్రక్కప్రక్కన నుంచి, పళ్లెములో నున్నది బుద్ధిని ఎట్లు పెంచునో, త్రుంచునో చూపినది. పళ్లెమును చూడుమని ఆమె మనకు నేర్పినది. పళ్లెము వెనుక కుండను చూచుటలో ఆమెకు అర్ధదృష్టి మాత్రమే కలిగినది. ఆ అర్ధదృష్టి కూడ వ్యర్థము కాలేదనుటకు నవల రెండవ భాగములో ఒక తావున్నది.

పదేండ్లు గడచినవి. శ్రీమతి రామ్సే మరణించినది. కొడుకొకడు యుద్ధములో, కూతురొకతె ప్రసూతిలో పోయిరి. ఆ మరణములు కుండలీకరణములలో ఒకటి రెండు పంక్తులలో ముగిసినవి. పాడుపడిన యింటిని ఊడ్చుటకు మిసెస్ మాక్‌నాబ్ అను ముసలి పనికత్తె వచ్చును. చీపురు పట్టుకొని ఆమె పాతకాలమును తలచుకొనును. ఆ యింటి వంటమనిషి పేరేమి? మిల్డ్రెడా? మారియనా? అట్టిదేదో. ఎఱ్ఱని జుట్టు మనిషి, కోపిష్ఠి, కాని మచ్చిక చేసికొనిన వారికి మంచిది. ఇద్దరును కలిసి ఎంతగా నవ్వుకొనిరో. పని ముగించి వచ్చునప్పటికి తన కొఱకు ఒక పళ్లెము సూపు, ఒక్కొక్కప్పుడు ఒక మాంసపు ముక్క దాచియుంచెడిది.